జబ్బుకు సాక్షి ఎవరు?

తూటా తగిలితే పక్కనున్నవాడు చూస్తాడు. రక్తపోటు పెరిగితే, చెవి మొద్దుబారితే, మనసు చెదిరితే ఎవరు చూశారు? పట్టాళంలో ఉండగా వచ్చిన జబ్బుకు పింఛను అడిగిన ప్రతి సిపాయికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే. రాయ్‌పూర్‌లో ఒక ఇనప్పెట్టెలోంచి బయటికొచ్చిన కాగితం వెంట వెళ్తే...

రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ అనగానే ఊరివాళ్లకి దసరా గుర్తొస్తుంది. అక్కడి మైదానంలో ఏటా కాల్చే రావణుడి బొమ్మకి అంత పేరు. మాకు మాత్రం ఆ కాలనీ అంటే మావయ్య. రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపు చుట్టూ పెరిగిన ఆ వీధుల్లో సాయంత్రంపూట నడిస్తే శ్రీకాకుళం యాస, విజయనగరం యాస చెవిన పడుతూనే ఉంటాయి. విశాఖలో బయల్దేరి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే ప్యాసింజరు బండి తరాల తరబడి మోసుకొచ్చిన యాస అది. పట్టాళం నుంచి హవల్దారుగా దిగాక మావయ్య రైల్వేలో పనిచేసే కొడుకు దగ్గర ఇక్కడే ఉండిపోయాడు.

ఆయన మంచం కింద నల్ల ఇనప్పెట్టె ఒకటి ఉంది. మూత మీద తెల్ల రంగుతో ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు. లోపల కలరాఉండల వాసన, మడత చెడని ఒక ఆలివ్ గ్రీన్ చొక్కా, అడుగున ప్లాస్టిక్ కవర్లో కాగితాలు. డిశ్చార్జి బుక్కు, పింఛను మంజూరు ఉత్తర్వు, ఇంకా బాగా నలిగిపోయిన జిరాక్సు ప్రతి ఒకటి. పోయిన నెల వెళ్లినప్పుడు ఆ జిరాక్సే నా చేతిలో పెట్టాడు.

"చదువురా అబ్బాయ్. ఇంగ్లీషు నీకొచ్చు కదా. ఇందులో నాకు జబ్బుందన్నారా, లేదన్నారా?"

ఉందన్నారు. రక్తపోటు, ముప్పై శాతం వైకల్యం, జీవితాంతం. ఆ పక్క గడిలోనే ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు: ఎన్, ఏ, ఎన్, ఏ. ఈ జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని దానర్థం. కలిపి చదివితే 'నానా'. ఆ మాట చూసి మావయ్య నవ్వాడు. "నానా గడ్డీ కరిపించారని రాసినట్టుందిరా" అన్నాడు.

చూసినవాళ్లుండే గాయం, చూసినవాళ్లు లేని గాయం

గాయపడిన జవాన్లను ఎలా చూసుకోవాలో రాయ్‌పూర్‌కి బాగా తెలుసు. బస్తర్ అడవుల్లో ఎదురుకాల్పులు జరిగిన ప్రతిసారీ హెలికాప్టర్లు వాలేది ఇక్కడే. 2021 ఏప్రిల్ 3న బీజాపూర్, సుక్మా జిల్లాల సరిహద్దులో టేకులగూడ దగ్గర జరిగిన దాడిలో 22 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో విజయనగరం నుంచి ఒకరు, గుంటూరు జిల్లా నుంచి ఒకరు, ఇద్దరు తెలుగు కోబ్రా కమాండోలు ఉన్నారు. గాయపడినవాళ్లను తెచ్చింది రాయ్‌పూర్ ఆసుపత్రులకే. అంబులెన్సులకు దారి ఇచ్చారు, మంత్రులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. అలాంటి గాయం ఎక్కడ తగిలిందో, ఏ రోజు తగిలిందో, ఎవరి వల్ల తగిలిందో తేల్చడానికి ఏ బోర్డూ కూర్చోనక్కర్లేదు.

జబ్బు అలా రాదు. సముద్రమట్టానికి పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున ప్రతి ఊపిరిలో దొరికే ఆక్సిజన్ కింద దొరికేదాంట్లో సగమే. ఆ లోటు పూడ్చుకోవడానికి ఒంట్లో ఎర్రకణాలు పెరుగుతాయి, రక్తం చిక్కబడుతుంది. గుండె మీద, మెదడు మీద ఆ భారం పడుతుంది. ఫిరంగి దళంలో ఏళ్ల తరబడి తోపుల పక్కన నిలబడ్డవాడి చెవి రోజుకి వెంట్రుకవాసి చొప్పున మొద్దుబారుతుంది. ఏ రోజు మొద్దుబారిందో వాడికే తెలియదు. బస్తర్‌లో దోమ కుట్టిన రాత్రికి తేదీ ఉండదు. పది రోజుల తర్వాత జ్వరం వస్తే ఆ దోమ అడవిలో కుట్టిందో, సెలవు మీద ఊరెళ్లినప్పుడు కుట్టిందో ఎవరు చెప్పగలరు? ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 జనవరిలో 'మలేరియా ముక్త బస్తర్' పేరుతో ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేయించడం మొదలుపెట్టిందంటే అక్కడ ఆ జ్వరం ఎంత పాతుకుపోయిందో ఊహించుకోవచ్చు. జవాను శిబిరం వేసుకునేదీ ఆ అడవిలోనే, ఆ దోమల మధ్యే.

మావయ్య రక్తపోటు బయటపడింది లేహ్‌లో. పదకొండున్నర వేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు అది. తలనొప్పి అని సిక్ రిపోర్టు చేస్తే కొలిచి చూశారు. "అప్పటికి పదహారేళ్ల సర్వీసు. ఏటా మెడికల్ అవుతూనే ఉంది. ఒక్కసారి కూడా ఏమీ రాయలేదు" అంటాడు. ఆ చివరి మాట ఎంత బరువైనదో ఆయనకి ఇన్నాళ్లూ తెలియదు. ఈ కథంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

అయిదు గళ్ల కాగితం

సర్వీసు ముగిసి దిగిపోయే ముందు ప్రతి సైనికుడూ రిలీజ్ మెడికల్ బోర్డు ముందుకి వెళ్తాడు. మధ్యలోనే జబ్బు చేసి పంపించేస్తే అది ఇన్వాలిడింగ్ బోర్డు. సిపాయిల భాషలో 'బోర్డ్ అవుట్'. ముగ్గురు మిలిటరీ డాక్టర్లు కూర్చుని ఒక ఫారం నింపుతారు. ఆ ఫారంలో అసలు గుండెకాయ ఒక చిన్న పట్టిక. మొదటి గడిలో జబ్బు పేరు. రెండో గడి: సర్వీసు వల్ల వచ్చిందా, అవును లేదా కాదు. మూడో గడి: సర్వీసు వల్ల ముదిరిందా, అవును లేదా కాదు. నాలుగో గడి: సర్వీసుతో సంబంధం లేదా, అవును లేదా కాదు. అయిదో గడి: అందుకు కారణం. ఏ పరిస్థితుల్లో, సర్వీసులో ఏ కాలంలో అన్నది వివరంగా రాయాలి.

ఈ అయిదు గళ్లలో మూడు ఒక్కొక్క అక్షరంతో నిండిపోతాయి. చిక్కంతా అయిదో గడి దగ్గర. మావయ్య కాగితంలో అక్కడ ఉన్నది ఒకే ముక్క: శరీరతత్వాన్ని బట్టి వచ్చిన జబ్బు. ఇరవై నాలుగేళ్ల సర్వీసుకి అర గీత వివరణ.

ఆ గళ్ల మీద ఆధారపడేది తక్కువేమీ కాదు. 1961 నాటి ఆర్మీ పింఛను నిబంధనల్లో 173వ నిబంధన చెప్పే షరతులు రెండు. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందన్నా, ముదిరిందన్నా తేలాలి. వైకల్యం ఇరవై శాతానికి తగ్గకూడదు. రెండూ ఉంటేనే వైకల్య పింఛను. ముప్పై శాతం జబ్బున్న మావయ్య రెండో షరతు దాటాడు, మొదటి దగ్గర ఆగిపోయాడు.

విచిత్రం ఏమిటంటే, ఆయనకి వర్తించే 1982 నాటి ఎంటైటిల్‌మెంట్ నిబంధనలకే ఒక అనుబంధం ఉంది. ఏ రకం జబ్బు మీద ఎలాంటి సర్వీసు పరిస్థితుల ప్రభావం ఉంటుందో అందులో వర్గాలుగా రాశారు. వాతావరణం వల్ల, తిండి కట్టుబాట్ల వల్ల, కవాతుల వల్ల, ఎక్కువసేపు నిలబడటం వల్ల... ఇలా. 'ఒత్తిడి, శ్రమ' అన్న వర్గంలో మానసిక వ్యాధులున్నాయి, గుండె జబ్బులున్నాయి, రక్తపోటూ ఉంది. నిబంధన రాసినవాళ్లకి తెలిసిన సంగతి బోర్డు గదికి చేరేసరికి 'శరీరతత్వం' అయిపోయింది.

ధరమ్‌వీర్ సింగ్ తెచ్చిన తీర్పు

ఇలాంటి అర గీత వివరణ మీద ఇరవై ఏళ్లు పోరాడిన సిపాయి ఒకడున్నాడు. పేరు ధరమ్‌వీర్ సింగ్. 1985 జూన్ 15న సిగ్నల్స్ దళంలో చేరాడు. తొమ్మిదేళ్లయ్యాక మూర్ఛ వస్తోందని 1994 ఏప్రిల్ 1న ఇంటికి పంపించేశారు. ఇరవై శాతం శాశ్వత వైకల్యం అన్నారు, సర్వీసుతో సంబంధం లేదన్నారు. పింఛను అర్జీ తిరగ్గొట్టారు. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టులో ఏకసభ్య ధర్మాసనం ఆయన పక్షాన తీర్పిస్తే, డివిజన్ బెంచి 2009లో దాన్ని కొట్టేసింది. చివరికి 2013 జులై 2న సుప్రీంకోర్టు ఆయనకి పింఛను ఇమ్మంది.

ఆ తీర్పులోని తర్కం పల్లెటూరి పంచాయితీలో పెద్దమనిషి చెప్పినంత సూటిగా ఉంటుంది. ఎద్దును సంతలో కొన్నప్పుడు పళ్లు చూసి, గిట్టలు చూసి, నడిపించి చూసి బాగుందని తోలుకెళ్లావు. తొమ్మిదేళ్లు దున్నించుకున్నాక కుంటుతోంది కదా అని, పుట్టుకతోనే అవిటిది అంటే చెల్లుతుందా? సైన్యంలో చేరిన రోజు నఖశిఖపర్యంతం పరీక్ష చేసి 'ఫిట్' అని రాసుకున్నారు. ఆనాటి రికార్డులో ఏ జబ్బూ రాయలేదు. కాబట్టి ఆ తర్వాత వచ్చిన జబ్బు సర్వీసులోనే వచ్చిందని అనుకోవాలి. కాదంటే కాదని చూపించాల్సిన భారం సైన్యానిది, సిపాయిది కాదు. చేరినప్పటి పరీక్షలో ఆ జబ్బు కనిపెట్టడం సాధ్యం కాదని డాక్టర్లు అంటే, ఎందుకు సాధ్యం కాదో కారణం రాయాలి. కారణం లేని అభిప్రాయం చెల్లదు. ఇదంతా కోర్టు కొత్తగా కనిపెట్టింది కాదు. 1982 నిబంధనల్లోనే ఉంది. సందేహం ఉంటే ఆ లాభం సిపాయికే ఇవ్వాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి.

అంటే జబ్బుకి సాక్షి ఉన్నాడన్నమాట. చేరిన రోజు కాగితమే ఆ సాక్షి. ఏమీ రాయకపోవడమే దాని సాక్ష్యం. కాకపోతే ఆ కాగితం సిపాయి ఇనప్పెట్టెలో ఉండదు, రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసులో ఉంటుంది. మన తరఫు సాక్షి ఎదుటి పక్షం బీరువాలో కూర్చున్నాడు.

ధరమ్‌వీర్ వేసిన దారిలో మిగతా తీర్పులు వచ్చాయి. జబ్బు కారణంగా బోర్డ్ అవుట్ చేశారంటేనే వైకల్యం ఇరవై శాతం దాటినట్టు లెక్కని 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసు చెప్పింది. 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసు ధరమ్‌వీర్ తీర్పునే మళ్లీ నిలబెట్టింది. సియాచిన్ హిమానీనదం మీద ఉండగా తొలిసారి ఫిట్స్ వచ్చి, 1989లో ఇంటికొచ్చేసిన బిజేందర్ సింగ్ అనే సిపాయికి 2025 ఏప్రిల్‌లో గానీ సుప్రీంకోర్టు తలుపు తెరుచుకోలేదు. ఇరవై కొన్నేళ్ల కుర్రాడిగా మంచు దిగినవాడికి న్యాయం అందేసరికి ముప్పై ఆరేళ్లు గడిచిపోయాయి.

ముప్పై ఎలా యాభై అవుతుంది?

డబ్బు సంగతి కూడా చూద్దాం. మామూలు సర్వీసు పింఛను చివరి జీతంలో సగం. దానికి తోడు వైకల్య భాగం: నూటికి నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో ముప్పై శాతం. శాతం తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. యుద్ధంలో తగిలిన గాయంతో బోర్డ్ అవుట్ అయితే ముప్పైకి బదులు నూరు.

చివరి జీతం 40,000 రూపాయలనుకుందాం. నూరు శాతానికి 12,000. మావయ్యలా ముప్పై శాతం ఉంటే 3,600. ఇక్కడే 'రౌండింగ్ ఆఫ్' అనేది వస్తుంది. డాక్టర్ల అంచనాల్లో అయిదూ పదీ తేడా రావడం మామూలే కాబట్టి, యాభైలోపు ఉంటే యాభై అనీ, యాభై నుంచి డెబ్భై అయిదు దాకా ఉంటే డెబ్భై అయిదనీ, ఆపైన నూరు అనీ లెక్కవేయాలని అయిదో వేతన సంఘం తర్వాత 1996 నుంచి అమల్లోకి తెచ్చారు. అప్పుడు 3,600 కాస్తా 6,000 అవుతుంది. దాని మీద కరువు భత్యం వేరు.

ఈ సౌకర్యం మొదట బోర్డ్ అవుట్ అయినవాళ్లకే ఇచ్చారు. సర్వీసు పూర్తిచేసి దిగినవాళ్లకి ఎందుకివ్వరని వందల కేసులు పడ్డాయి. జబ్బుతోనే ముక్కుతూ మూలుగుతూ చివరిదాకా పనిచేసినవాడికి తక్కువా, మధ్యలో ఇంటికెళ్లినవాడికి ఎక్కువా అన్నది వాదన. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు ఇద్దరికీ ఒకటే లెక్క అంది. మావయ్యకి ఈ సంగతి తెలిసింది కోర్టు నుంచి కాదు, పేపర్లోనూ కాదు. మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ క్లినిక్కులో మందుల కోసం వరసలో నిలబడి ఉంటే ముందున్న నాయక్ చెప్పాడు.

రాయ్‌పూర్ నుంచి రెండు బళ్లు

సైనికుల సర్వీసు తగాదాల కోసం పార్లమెంటు 2007లో చట్టం చేసింది. 2009 ఆగస్టులో సాయుధ దళాల ట్రిబ్యునల్ మొదలైంది. పదవీ విరమణ చేసినవాడు తాను ఉంటున్న ఊరు ఏ బెంచి కిందికి వస్తే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. మావయ్య విజయనగరంలోనే ఉండిపోతే చెన్నై వెళ్లేవాడు. ఛత్తీస్‌గఢ్ వచ్చాడు కాబట్టి జబల్‌పూర్. రాయ్‌పూర్‌లో సాయంత్రం అమర్‌కంటక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి జబల్‌పూర్. ఈ మధ్యే అర్జీ వేసి వచ్చాడు. "పోస్టింగుకి పోతున్నట్టే ఉందిరా. బెడ్‌రోలు ఒక్కటే తక్కువ" అన్నాడు.

ఆయన ఇంటికి రెండు వీధుల అవతల కేంద్ర రిజర్వు పోలీసు దళంలో చేసి వచ్చిన ఒక అబ్బాయి ఉన్నాడు. బస్తర్‌లో మలేరియా తలకెక్కి, బతికి బయటపడ్డాడు గానీ ఆ తర్వాత మనిషి మునుపటిలా లేడు. అతని బండి వేరు. జబల్‌పూర్ ట్రిబ్యునల్ సీఆర్‌పీఎఫ్ వాళ్ల కేసులు వినదు. ఆర్మీ పింఛను నిబంధనలు కూడా వాళ్లకి వర్తించవు. వాళ్లది హోం శాఖ. అడవిలో పక్కపక్కనే నిలబడి కాపలా కాసినా కాగితం దగ్గర మాత్రం వాళ్లు సివిల్ ఉద్యోగులే. వాళ్లకి 1939 నాటి ఎక్స్‌ట్రార్డినరీ పింఛను నిబంధనలుండేవి, 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. అక్కడ మరణాన్నీ వైకల్యాన్నీ అయిదు తరగతులుగా విడదీస్తారు. సర్వీసుతో సంబంధం లేని సహజ కారణాలు మొదటి తరగతి. ప్రతికూల వాతావరణంలో, వృత్తిలో ఉన్న ప్రమాదాల వల్ల వచ్చిన జబ్బులు రెండో తరగతి. మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి జరగడానికే పోరాటమంతా. ఆ పోరాటం కోర్టుకెక్కితే బిలాస్‌పూర్ వెళ్లాలి. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది అక్కడే.

ఇంకో ముడి ఉంది. 2004 జనవరి 1 తర్వాత చేరిన కేంద్ర బలగాల వాళ్లకి పాత పింఛను లేదు, జాతీయ పింఛను పథకం (ఎన్‌పీఎస్) ఉంది. సైన్యానికి మాత్రం పాతదే. సర్వీసులో చనిపోయినా, వైకల్యంతో బయటికొచ్చినా పాత పద్ధతి లాభాలు ఎంచుకునే వీలు 2009లో ఇచ్చారు. అలాంటి ఉత్తర్వు ఒకటి ఉందని తెలియక, ఎన్‌పీఎస్ ఖాతాలో పోగైనది తీసేసుకుని ఊరుకున్న కుటుంబం ఎంత నష్టపోతుందో చెప్పనక్కర్లేదు.

మనసు విరిగితే ఎముక కనపడదు

అన్నిటికన్నా కష్టమైన కేసులు మనసు జబ్బులవి. ఇక్కడ కోర్టులూ ఒకే దారిలో నడవలేదు. 2019 అక్టోబరులో నర్సింగ్ యాదవ్ కేసులో, స్కిజోఫ్రేనియా లాంటి జబ్బును చేరేటప్పుడు చేసే మామూలు పరీక్షలో పట్టుకోలేరు కాబట్టి, రికార్డులో లేనంత మాత్రాన సర్వీసు వల్లే వచ్చిందనలేమని సుప్రీంకోర్టు పింఛను నిరాకరించింది. 2025 మేలో రాజుమోన్ కేసులో జబ్బు అదే. బోర్డు కారణం రాయలేదు కాబట్టి ఆ అభిప్రాయం నిలవదంటూ సిపాయి పక్షాన తీర్పు వచ్చింది. జబ్బు ఒకటే అయినా తీర్పులు రెండయ్యాయి. రెండో సిపాయిని కాపాడింది అయిదో గడిలోని ఖాళీ.

కేంద్ర బలగాల వైపు నుంచి రవీందర్ కుమార్ ధారివాల్ కేసు ఉంది. సీఆర్‌పీఎఫ్‌లో అసిస్టెంట్ కమాండెంటు. మానసిక వ్యాధితో ఉన్న ఆయన మీద క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టారు. జబ్బు ఫలితమైన ప్రవర్తనకి శిక్ష వేయబోవడం వికలాంగుల పట్ల వివక్షేనని 2021 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. మన ఇళ్లలో 'తిక్క', 'మొండి' అని కొట్టిపారేసే లక్షణాలకి దఫ్తరాల్లో 'క్రమశిక్షణ లోపం' అని పేరు పెడతారు. ఆ పేరు ఒక్కసారి సర్వీసు రికార్డుకి ఎక్కిందంటే తర్వాత అది జబ్బని నిరూపించుకోవడం రెండింతల కష్టం.

అటువైపు మాట

ఇదంతా విని ప్రభుత్వం ఊరికే మొండికేస్తోందనుకుంటే అదీ పూర్తి నిజం కాదు. 2015-16 నుంచి 2019-20 దాకా ఏటా విరమణ చేసిన సైనిక అధికారుల్లో 36 నుంచి 40 శాతం మంది వైకల్య పింఛనుతో దిగారని కాగ్ 2023లో లెక్క తేల్చింది. అధికారి కాని ర్యాంకుల్లో అది 15 నుంచి 18 శాతం. రోజూ పరిగెత్తేవాడికి, బరువులు మోసేవాడికి, మంచులో కాపలా కాసేవాడికి తక్కువ, అధికారులకి రెండింతలు! అందరిలోకీ ఎక్కువ శాతం వైద్య విభాగం అధికారులదేనని కూడా ఆ నివేదిక చూపింది. ఫారం ఎలా నింపాలో తెలిసినవాడికీ, నింపించుకోవడం రానివాడికీ ఉన్న తేడా ఇది కాదా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టం.

ఖజానా తరఫు జాగ్రత్త నిబంధనల్లోనూ కనిపిస్తుంది. 2008 నిబంధనలు సర్వీసుకీ జబ్బుకీ కార్యకారణ సంబంధం కనపడాలన్నాయి. దిగిపోయిన పదిహేనేళ్ల తర్వాత అడిగితే రుజువు భారం అడిగినవాడిదే అన్నాయి. 2023 సెప్టెంబరు 21 నుంచి ఇంకో కొత్త నిబంధనావళి వచ్చింది. సర్వీసు పూర్తిచేసి దిగేవాళ్లకి ఇచ్చే దాన్ని ఇకమీదట 'వైకల్య భాగం' అనరు, 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అంటారు. అంతకుముందే 2019లో, వైకల్య పింఛను మీద ఆదాయపు పన్ను మినహాయింపు బోర్డ్ అవుట్ అయినవాళ్లకి మాత్రమేనని ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది.

దొంగను పట్టుకోవడానికి ఊరందరి ఇళ్లూ సోదా చేసినట్టు, దుర్వినియోగం ఆపడానికి పెట్టిన కంచె ముందుగా గుచ్చుకునేది హవల్దారుకే. 'ఇది జీవనశైలి జబ్బు, పైగా ఉన్నది పీస్ స్టేషన్లో' అన్న రెండు ముక్కలు బోర్డు కాగితాల్లో ముద్ర గుద్దినట్టు కనిపిస్తుంటాయి. చక్కెర జబ్బుతో దిగిన ఒక సుబేదారు కేసులో 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఈ ముద్రను పట్టుకుంది. జీవనశైలి మనిషికొక రకం. ఈ మనిషికి ఏ అలవాటు వల్ల ఈ జబ్బు వచ్చిందో రాయకుండా ఊరికే 'జీవనశైలి' అంటే కుదరదంది. పీస్ స్టేషన్ అన్న వాదనకి జవాబు సైన్యం సొంత పుస్తకంలోనే ఉంది. 1983 నాటి సైనిక వైద్య సేవల నియమావళి 423వ పేరా ప్రకారం, జబ్బుకి కారణం యుద్ధ ప్రాంతంలో ఎదురైందా, ప్రశాంత ప్రాంతంలోనా అన్నది అసలు చూడనక్కర్లేదు.

ట్రిబ్యునల్లో సిపాయి గెలిచాక కూడా మళ్లీ పైకోర్టుకి లాగడం ఆపమని రక్షణ శాఖ తానే వేసుకున్న నిపుణుల సంఘం 2015లో చెప్పింది. పదేళ్లయ్యాక 2025 జులైలో కూడా, ట్రిబ్యునల్ తీర్పుల మీద కేంద్రం వేసిన పిటిషన్లను ఢిల్లీ హైకోర్టు మూకుమ్మడిగా కొట్టేయాల్సి వచ్చింది.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. వియత్నాం అడవుల్లో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ విషానికి గురైన సైనికులకి అమెరికా 1991లో చట్టం చేసింది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో చెత్త తగలబెట్టిన గుంతల పొగ పీల్చినవాళ్లకి 2022 ఆగస్టులో ఇంకొకటి చేసింది. అక్కడ సేవ చేసి ఉండి, జాబితాలో ఉన్న జబ్బు వస్తే చాలు, సర్వీసు వల్లే వచ్చిందనుకోవాలి. సూత్రం మన 1982 నిబంధనకి చుట్టమే. పొరుగింటి నుంచి అరువు తెచ్చుకోవాల్సిన పని మనకి లేదు. మన ఇంట్లో ఉన్నదాన్ని బోర్డు గది దాకా తీసుకెళ్తే చాలు.

ఇనప్పెట్టెలో ఏమేం ఉండాలి?

● మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ పూర్తి ప్రతి. చేతిలో లేకపోతే రికార్డ్స్ ఆఫీసుకి సమాచార హక్కు కింద అర్జీ పెట్టి తెప్పించుకోవాలి. చేరినప్పటి వైద్య పరీక్ష ప్రతిని కూడా అదే అర్జీలో అడగాలి.

● అయిదో గడిలో కారణం రాశారా, రాస్తే ఎన్ని మాటల్లో రాశారు అన్నది ముందు చూసుకోవాలి.

● పింఛను కాదన్న ఉత్తర్వు అందిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు. అది పోతే రెండో అప్పీలు. ఆ తర్వాత ట్రిబ్యునల్. అక్కడ వకీలును పెట్టుకోవచ్చు, స్వయంగానూ చెప్పుకోవచ్చు.

● ఏళ్లు గడిచాయని వదులుకోనక్కర్లేదు. పింఛను ప్రతి నెలా అందాల్సింది కాబట్టి నష్టం కొనసాగుతున్నట్టే లెక్క. అయితే బకాయిలు సాధారణంగా అర్జీకి ముందరి మూడేళ్లకే ఇస్తారు. ఆలస్యానికి మూల్యం అదే.

● సర్వీసులో ఎక్కడెక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేశారో తేదీలతో ఒక కాగితం. జబ్బు మొదట బయటపడిన చోటు దాని మీద గుర్తుపెట్టుకోవాలి.

● కేంద్ర బలగాల వాళ్లయితే, జబ్బును ఏ తరగతి కింద చేర్చారో రాతపూర్వకంగా అడగాలి.

మైదానంలో కుర్రాడు

మావయ్య మనవడికి పద్దెనిమిదేళ్లు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి రావణుణ్ని కాల్చే మైదానం చుట్టూ పరిగెడుతున్నాడు. అగ్నివీర్ ర్యాలీకి తయారవుతున్నాడు. మొన్న నేనున్నప్పుడు మావయ్య కుర్చీ వేసుకుని గట్టు మీద కూర్చుని చేతి గడియారంతో టైము చూస్తున్నాడు.

2022లో మొదలైన ఈ పథకంలో నాలుగేళ్ల తర్వాత నూటికి డెబ్భై అయిదు మంది ఇంటికి రావాలి. వాళ్లకి పింఛను లేదు, వైకల్య పింఛనూ లేదు. జబ్బుతోనో గాయంతోనో బయటికొస్తే నూరు శాతానికి 44 లక్షలు, డెబ్భై అయిదుకి 25 లక్షలు, యాభైకి 15 లక్షలు ఒక్కసారి ఇస్తారు. అదీ ఆ వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందనో ముదిరిందనో తేలితేనే. మావయ్య కాలంలో 'నానా' అని రాస్తే కనీసం సర్వీసు పింఛను మిగిలేది. ఈ కుర్రాడికి ఆ నాలుగక్షరాలు పడితే పింఛను రూపంలో ఏమీ మిగలదు. ఆ అయిదు గళ్ల పట్టిక ఇప్పుడు పాతకాలపు సిపాయిలకన్నా కొత్తగా చేరేవాళ్లకే ఎక్కువ ముఖ్యం.

పరుగు ఆపి వగరుస్తూ వచ్చాడు కుర్రాడు. "ఎంత తాతా?"

"ఆరు పది. ఇంకా తగ్గించాలి" అన్నాడు మావయ్య. తువ్వాలు అందిస్తూ నావైపు తిరిగి, "వీడికి మెడికల్లో ఫిట్ అన్నారనుకో, ఆ తేదీ, డాక్టరు పేరు, ఏమేం చూశారో ఆ రాత్రికే నోటుబుక్కులో రాయమని చెప్పాను. నేను రాసుకోలేదు. ఫిట్ అన్నారన్న సంబరంలో విశాఖ నుంచి ఊరిదాకా బస్సులో పాడుకుంటూ పోయాం" అన్నాడు.

కుర్రాడు నవ్వి ఇంకో రౌండుకి బయల్దేరాడు. మావయ్య గడియారం సున్నా చేసి మళ్లీ నొక్కాడు.